నిలువు గీతలు

హిందీ మాట్లాడే ప్రాంతాలలో కంటిశుక్లాన్ని ‘మోతియాబింద్’ అంటారు. మోతియా అంటే ముత్యం వంటిది. బింద్ అంటే బిందువు. వయసు మళ్లిన కంటిపాపలో తెల్లగా తేలే చుక్కను చూచి ముత్యమని పేరు పెట్టినవారు ఎవరో తెలియదు కాని, జబ్బులకు అంత అందమైన పేర్లు అరుదు. మరొక కంటిలోపం ఉన్నది. దానికి ఐరోపావారు పెట్టిన పేరు ఆస్టిగ్మాటిజం. గ్రీకు మూలాన్ని బట్టి దానికి బిందువు లేకపోవడమని అర్థం. హిందీ గ్రంథాలలో దానిని దృష్టివైషమ్యమని వ్రాస్తారు. మొదటి జబ్బులో ఉండరాని బిందువు వచ్చి కూర్చుంటుంది. రెండవదానిలో ఉండవలసిన బిందువు కుదరదు. డెహ్రాడూన్‌లో నివసించే ఒక వృద్ధునికి ఈ రెండూ కలిసి వచ్చినవి.

ఆయన 1939లో పాత టెహ్రీలో పుట్టినారు. 1961లో సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరి, 1999లో పదవీ విరమణ చేసేవరకు పటాలు గీచినారు. ఆ శాఖలో కొలతలు తెచ్చేవారు వేరు, గీచేవారు వేరు. కొండలలో తిరిగి వచ్చినవారి పుస్తకాలలోని అంకెలను కాగితం మీద గీతలుగా మార్చడం ఆయన పని. సమోన్నత రేఖలు ఎంత దగ్గరగా నడిచినా ఒకదానినొకటి తాకరాదు. రూలింగ్ పెన్నుతో వెంట్రుకవాసి గీత గీచేటప్పుడు ఆయన ఊపిరి బిగబట్టేవారట. గీత ముగిసి పెన్ను పైకి లేచిన తరువాతనే ఊపిరి వదిలేవారట. ముప్పై ఎనిమిదేళ్లు ఆయన కుటుంబానికి అన్నం పెట్టినవి ఒక చేయి, రెండు కళ్లు. చేయి ఇప్పటికీ వణకదు.

పాత టెహ్రీ భాగీరథి, భిలంగనా నదులు కలిసే చోట 1815లో సుదర్శన్ షా రాజధానిగా నెలకొల్పిన పట్టణం. 2005 అక్టోబరు 29న ఆనకట్ట చివరి సొరంగం తలుపులు మూసివేసినారు. నీరు నిండింది, గల్లీలు, గుడులు, గడియార స్తంభం అన్నీ జలాశయం అడుగుకు చేరినవి. ఊరివారు కొత్త టెహ్రీకి, డెహ్రాడూన్ శివార్లకు, హరిద్వార్ ప్రాంతానికి చెదరిపోయినారు. ప్రభుత్వ పటాలలో ఆ పట్టణం లేకపోలేదు. కాని ఏ గల్లీ మలుపులో ఎవరి దుకాణం ఉండేదో, ఏ ఇంటి అరుగు మీద సాయంకాలం ఎవరు కూర్చునేవారో ఏ ప్రభుత్వ పటమూ చెప్పదు. ఆ పని తాను చేయవలెనని వృద్ధుడు నిశ్చయించుకొన్నారు. నలభై అడుగులకు ఒక అంగుళం చొప్పున, ఎనిమిది పెద్ద కాగితాల మీద మునిగిన ఊరిని గీయడం మొదలుపెట్టినారు. తనతో ఆడుకొన్నవారిలో చాలమంది అప్పటికే పోయినారు. తాను కూడ పోతే ఆ గల్లీలకు కొలత తెలిసినవారు ఉండరు.

2006లో ఆయన కుడికంటికి శుక్లం తీసినారు. ఆసుపత్రి పేరు చెప్పవలసిన పనిలేదు. ఆనాడు దేశంలో వేలమందికి చేసినట్లే ఆయనకూ చేసినారు. మసకబారిన కటకాన్ని తీసి, దాని స్థానంలో కృత్రిమ కటకాన్ని పెట్టినారు. కట్టు విప్పిన నాడు వెలుగు తెల్లని వరదవలె కంటిలోకి వచ్చింది. గోడ రంగు, కూతురి చీర అంచు, ముసోరీ కొండ మీది దీపాలు అన్నీ తిరిగి వచ్చినవి. ఇంటికి వచ్చి హిందీ వార్తాపత్రిక చేతికి తీసుకొన్నారు. అప్పుడు ఒక వింత కనిపించింది. దేవనాగరి అక్షరాల తలపై సాగే అడ్డగీత, శిరోరేఖ, గీచినట్లు స్పష్టంగా ఉన్నది. దాని కింద నిలబడవలసిన నిలువు కాళ్లు మాత్రం ఉన్ని దారాలవలె విచ్చుకొన్నవి. తలలున్నవి, కాళ్లు లేవు. పాత పటం ఒకటి విప్పి చూచినారు. అక్షాంశాలు నిలిచి ఉన్నవి, రేఖాంశాలు చెదరిపోయినవి.

దీనికి కారణం శుక్లం కాదు, దానిని తీసిన వైద్యుని అజాగ్రత్త కూడ కాదు. కంటి ముందు గాజుబిళ్లవలె పారదర్శకంగా ఉండే పొరను కార్నియా అంటారు. కంటి మొత్తం శక్తిలో సుమారు మూడింట రెండు వంతులు దానిదే. అది బంతివలె అన్ని దిక్కులా సమంగా వంగి ఉంటే వెలుగంతా ఒక బిందువులో కలుస్తుంది. కోడిగుడ్డు ప్రక్కవలె ఒక దిక్కున హెచ్చుగా, ఒక దిక్కున తక్కువగా వంగి ఉంటే వెలుగు రెండు చోట్ల రెండు గీతలుగా కలుస్తుంది. యౌవనంలో సాధారణంగా ఈ గుడ్డు అడ్డంగా పడుకొని ఉంటుంది. అనగా నిలువుదిక్కున వంపు హెచ్చు. వయసుతోపాటు అది మెల్లగా లేచి నిలబడుతుంది. వంపు అడ్డదిక్కుకు మారుతుంది. ఈ మార్పు ఇంచుమించు అందరిలోను జరుగుతుంది. శుక్లం ఆపరేషనుకు వచ్చేవారిలో సుమారు మూడింట ఒక వంతు మందికి ఈ వైషమ్యం 1 డయాప్టరుకు మించి ఉంటుంది. శుక్లపు మసక ఉన్నంతకాలం అది బయటపడదు. ఇంటిలో దీపం లేనప్పుడు గోడ వంకర ఎవరికి కనిపిస్తుంది?

ఆ కుడికంటికి వయసు ఇచ్చిన వైషమ్యం ఒక డయాప్టరు. దానికి ఆపరేషను కోత మరికొంత చేర్చింది. కార్నియా మీద గాని దాని అంచున గాని కోత పెట్టినప్పుడు, ఆ కోత ఉన్న దిక్కున వంపు తగ్గుతుంది. దానికి అడ్డంగా ఉన్న దిక్కున కొంత పెరుగుతుంది. కోత ఎంత వెడల్పయితే మార్పు అంత హెచ్చు. ఆనాటి పద్ధతిలో కోత ఆరు, ఏడు మిల్లీమీటర్లు. వైద్యుడు రోగి తల వెనుక కూర్చుంటాడు గనుక కోత కంటి పైభాగాన పెట్టడం అలవాటు. పై రెప్ప కోతను కప్పి కాపాడుతుందని కూడ దానికొక సమర్థన ఉన్నది. అయితే వృద్ధుల కంటిలో నిలువు వంపు అసలే తక్కువ. పైన కోత పెడితే అది ఇంకా తక్కువవుతుంది. కుడికంటి వైషమ్యం ఆ విధంగా రెండుంబావు డయాప్టర్లయినది. 2005లో భారతీయ నేత్రవైద్య పత్రికలో ఒక అధ్యయనం వెలువడింది. కోత పైన పెట్టినప్పుడు సగటున 1.28 డయాప్టర్ల వైషమ్యం కలుగుతున్నదని, అదే కోతను కణత వైపుకు జరిపితే 0.37కు, పైభాగానికి కణతకు నడుమ పెడితే 0.20కు తగ్గుతున్నదని అందులో తేలింది. కత్తి అదే, చేయి అదే. కూర్చునే చోటు మార్చితే చాలు. కాని కూర్చునే చోటు మార్చుకోవడం ఏ వృత్తిలోనూ సులభం కాదు.

వృద్ధునికి కళ్లజోడు ఇచ్చినారు. స్తూపాకారపు కటకం ఈ లోపాన్ని సరిచేస్తుంది. అటువంటి కటకాన్ని తన కంటికోసం తానే లెక్క కట్టుకొన్నవాడు ఇంగ్లండు ఖగోళశాస్త్రజ్ఞుడు జార్జి ఎయిరీ. నక్షత్రం ఎడమకంటికి చుక్కగా కాక గీతగా కనిపిస్తున్నదని గమనించి, 1825లో తన లోపాన్ని, దాని దిద్దుబాటును విద్వత్సభలో వివరించినాడు. డెహ్రాడూన్ కార్యాలయంలో పనిచేసినవారికి ఎయిరీ పేరు మరొక విధంగా పరిచయం. హిమాలయాల దగ్గర గుండు కట్టిన దారం లెక్కప్రకారం వంగవలసినంతగా కొండలవైపు వంగడం లేదని మన దేశపు సర్వేలో బయటపడినప్పుడు, కొండలకు భూమిలోపల తేలికైన వేళ్లున్నవని 1855లో ఊహించి చెప్పినవాడు ఆయనే. కార్యాలయంలో ముప్పై ఎనిమిదేళ్లు వినిన పేరు చివరికి తన ముక్కుమీదికి వచ్చిందని వృద్ధుడు నవ్వేవారు. కాని ఆ కళ్లజోడు ఆయనకు పొసగలేదు. పెట్టుకొంటే నేల ఏటవాలుగా, తలుపు చట్రం ఒరిగినట్లుగా కనిపించేది. శస్త్రం జరిగిన కంటికి, జరగని కంటికి బొమ్మల పరిమాణం ఒకటిగా ఉండేది కాదు. సరళరేఖను సరళరేఖగా చూచి బ్రతికిన మనిషికి నేల వంకరగా కనిపించడం కంటె గీత మసకగా కనిపించడమే నయమనిపించింది. కళ్లజోడు సొరుగులోకి పోయింది. పటం పని ఎడమకంటితో సాగింది.

ఎడమకంటిలో కూడ ముత్యం ముదరడం మొదలుపెట్టింది. 2013 నాటికి ఐదవ కాగితం దగ్గర పని నెమ్మదించింది. నీడవంటి ఎడమకన్ను, కాళ్లులేని అక్షరాల కుడికన్ను. ఈ రెంటితో ఆయన ఐదేళ్లు గీచినారు. నిలువు గీత ఎక్కడ ముగిసిందో తెలియక కొలబద్దను వ్రేలితో తడిమి చూచుకొనేవారు. కూతురు ఆపరేషను మాట ఎత్తినప్పుడల్లా “చలికాలం పోనీ” అనేవారు. ఒక కంటికి ఏమి జరిగినదో రెండవ కంటికీ అదే జరిగితే పటం అక్కడే ఆగిపోతుందన్న భయాన్ని ఆయన నోటితో చెప్పలేదు.

2018లో కూతురు ఆయనను ఒక యువ వైద్యురాలి వద్దకు తీసుకొనిపోయింది. ఆమె కంటిని కొలిపించి, యంత్రం ఇచ్చిన కాగితాన్ని ఆయన ముందు పరచింది. అది కార్నియా పటం. నీలం, పచ్చ, పసుపు, ఎరుపు రంగులలో వలయాలు. నడుమ ఎర్రని డమరుకం ఒకటి అడ్డంగా పడి ఉన్నది.

“ఇక్కడ కొండ ఉన్నదా, బేటీ?” అని ఆయన ఎర్రరంగు మీద వ్రేలు పెట్టినారు.

“కొండ కాదు, బాబూజీ. ఈ రంగులు ఎత్తును చెప్పవు, వంపును చెపుతవి. ఎరుపున్న చోట వంపు హెచ్చు.”

ఆయన కాగితాన్ని కళ్లకు దగ్గరగా తీసుకొని చాలసేపు చూచినారు. తరువాత సొరుగులోని కళ్లజోడు సంగతి, నిలువు గీతల సంగతి, ఎనిమిది కాగితాల సంగతి ఒకదాని తరువాత ఒకటి చెప్పినారు. వైద్యురాలు గడియారం చూడకుండ విన్నది.

శుక్లం తీసే సమయంలోనే ఈ వైషమ్యాన్ని దిద్దే మార్గాలు మూడున్నవని ఆమె చెప్పింది. మొదటిది కోతను వంపు హెచ్చుగా ఉన్న దిక్కున పెట్టడం. ఆయన కంటికి అది కణత వైపు. అయితే ఈనాటి కోత రెండు మిల్లీమీటర్లకు కొంచెమే ఎక్కువ. అంత చిన్న కోత తీయగలిగినది పావు డయాప్టరు, ఇంచుమించు అంతే. పెద్ద కోత చేసే హాని పోయింది, దానితోపాటు అది చేయగల మేలు కూడ పోయింది. రెండవది, కార్నియా అంచున వంపు దిక్కు రెండు కొసలలోను చంద్రవంకల వంటి కోతలు లోపలికంటా తెగకుండ పెట్టడం. ఈ ఊహ పాతది. కోతతో వంపును తగ్గించవచ్చునని 1869లో హాలండువాడైన స్నెలెన్ సూచించినాడు. 1885లో నార్వే వైద్యుడు ష్యోట్జ్, శుక్లం తీసిన తరువాత 19.5 డయాప్టర్ల వైషమ్యం మిగిలిన ఒక రోగికి అంచున కోత పెట్టి దానిని 7కు దించినాడు. 1898లో లాన్స్ కుందేళ్ల కళ్లమీద పరీక్షలు చేసి, ఒక దిక్కున వంపు తగ్గితే అడ్డదిక్కున పెరుగుతుందన్న సూత్రాన్ని వివరంగా చూపినాడు. 2008 నుంచి శుక్లం ఆపరేషనులో లేసరు కిరణం కూడ వచ్చి చేరింది. ఇటువంటి చంద్రవంకలను దానితోనూ పెట్టవచ్చును. కాని కోత పెట్టిన కణజాలం ఎట్లు మానుతుందో మనిషి మనిషికి భేదం ఉంటుంది. కొద్దిపాటి వైషమ్యానికి అది చాలును. రెండు డయాప్టర్లకు నమ్మకం తక్కువ.

మూడవది టోరిక్ కటకం. కంటిలోపల పెట్టే కృత్రిమ కటకంలోనే స్తూపాకారపు దిద్దుబాటును చెక్కి ఉంచుతారు. జపాను వైద్యుడు కిమియా షిమిజు 1992లో మొదటిసారి అటువంటి కటకాన్ని అమర్చినాడు. కార్నియాను ముట్టుకోకుండ, దాని వంకరకు ఎదురు వంకరను లోపల నిలుపుతారు. ముక్కుమీద నిలవని కళ్లజోడును కంటిలో పెట్టడం వంటిది. వెల హెచ్చు. పైగా షరతు ఒకటి ఉన్నది. కటకం తన అక్షం మీద సరిగా కూర్చోవలెను. ఒక్క డిగ్రీ తిరిగితే ఫలంలో సుమారు 3.3 శాతం పోతుంది. ముప్పై డిగ్రీలు తిరిగితే పెట్టనట్లే. అంతకు మించితే ఉన్న లోపానికి కొత్త లోపం తోడవుతుంది.

డిగ్రీల మాట వినగానే వృద్ధుడు కుర్చీలో ముందుకు జరిగినారు. “ఉత్తరం ఎటున్నదో ఎట్లు నిర్ణయిస్తావు?” అని అడిగినారు. ఆమె నవ్వలేదు. అడగవలసిన ప్రశ్న అదే. కార్నియా ముందు ముఖాన్ని మాత్రమే కొలిచి లెక్కకడితే చాలదని, వెనుక ముఖానికి కూడ తనదైన వంకర ఉన్నదని 2012లో అమెరికా వైద్యుడు డగ్లస్ కోక్ సహచరులతో కలిసి చూపినాడు. అడ్డదిక్కున వంపు ఉన్న వృద్ధుల కళ్లలో పాత లెక్కలు దిద్దుబాటును తక్కువగా చూపుతూ వచ్చినవి. ఆమె ఆ వెనుక ముఖాన్ని కూడ లెక్కలో వేసింది. రెండు వేరు యంత్రాలతో కొలిపించి, రెండూ ఒక్క మాట చెప్పినవని సరిచూచుకొన్నది. సర్వేలో ఒక శిఖరాన్ని రెండు స్థానాలనుంచి చూడకుండ లెక్కలోకి తీసుకోరు. వృద్ధుని మనసు కుదుటపడింది.

వెల దగ్గర మాత్రం తండ్రికి, కూతురికి పేచీ వచ్చింది. మామూలు కటకానికి, టోరిక్ కటకానికి మధ్య తేడా ఆయన రెండు నెలల పింఛను. “డెబ్బై తొమ్మిదేళ్ల కంటికి ఇంత సొమ్మెందుకు? కళ్లజోడుకే అలవాటు పడతాను” అన్నారాయన. “పితాజీ, పన్నెండేళ్లలో పడలేదు” అన్నది కూతురు. ఆమెకు టెహ్రీ చిన్ననాటి సెలవుల ఊరు మాత్రమే. మిగిలిన మూడు కాగితాలు ఖాళీగా ఉండిపోతే తన పిల్లలకు చూపడానికి నీళ్లు తప్ప ఏమీ ఉండవని ఆమె అన్నది. సొమ్ము ఎవరు కట్టినారో ఆ తరువాత ఇంటిలో ప్రస్తావన రాలేదు.

ఆపరేషను నాటి ఉదయం వైద్యురాలు ఆయనను నిటారుగా కూర్చోబెట్టి, ఎదురుగా దూరాన ఉన్న గుర్తును చూడమన్నది. కంట్లో మందుచుక్కలు వేసి, నలుపు తెలుపు కలిసే అంచున సిరాతో గుర్తులు పెట్టింది. పడుకోబెట్టిన తరువాత పెట్టరాదా అని ఆయన అడిగినారు. మనిషి పడుకొన్నప్పుడు కన్ను తన గూటిలో కొంచెం తిరుగుతుందని, కొందరికి అది కొన్ని డిగ్రీలు కూడ ఉంటుందని, అందుచేత కూర్చున్న కంటికే దిక్కులు నిర్ణయించవలెనని ఆమె చెప్పింది. థియొడొలైటు గురిపెట్టే ముందు దాని రసమట్టాన్ని సరిచేయడం జ్ఞాపకం వచ్చి ఆయన తల ఊపబోయినారు. “తల కదలించకండి, బాబూజీ” అన్నదామె.

ఆపరేషను అరగంట కూడ పట్టలేదు. కణత వైపు చిన్న కోత. మసకబారిన కటకాన్ని అతిధ్వని తరంగాలతో పొడిచేసి పీల్చడం. అది ఉన్న పలుచని సంచిలోనే మడత విప్పుకొనే కొత్త కటకం. కటకం మీద అక్షాన్ని సూచించే చుక్కలుంటవి. ఆ చుక్కలను సిరా గుర్తుల ఆధారంగా నిర్ణయించిన రేఖకు ఎదురుగా వచ్చేవరకు మెల్లగా తిప్పి, వెనుక చిక్కిన జిగట ద్రవాన్ని పూర్తిగా కడిగివేసినారు. అది మిగిలితే కటకం మొదటి కొన్ని గంటలలోనే జారి తిరిగిపోయే ప్రమాదం ఉన్నది.

మరునాడు కంటి మీది మూత తీసినారు. వైద్యురాలు అక్షరాల పలక చూపబోతుండగా ఆయన కిటికీ వైపు తిరిగినారు. కిటికీకి ఇనుప ఊచలున్నవి. ఆయన వ్రేలితో గాలిలో లెక్కపెట్టినారు. తొమ్మిది. ఒక్కొక్కటి ఒక్కటిగానే నిలిచి ఉన్నది.

కటకం అనుకొన్న అక్షానికి రెండు డిగ్రీలు ప్రక్కన ఉన్నదని పరీక్షలో తేలింది. మిగిలిన వైషమ్యం అర డయాప్టరు లోపలే. “మా ఆఫీసులో రెండు డిగ్రీల తప్పుకు ఉద్యోగం పోయేది” అన్నారు వృద్ధుడు. ఆమె అప్పుడు నవ్వింది. కుడికంటిని మళ్లీ కోయవలసిన పనిలేదన్నది. రెండు కళ్లలోను ఇప్పుడు కృత్రిమ కటకాలే గనుక బొమ్మల పరిమాణంలో పేచీ తగ్గుతుందని, కొత్త కొలతతో జోడు పెట్టి చూడమన్నది. దగ్గరి పనికి ఎటూ జోడు తప్పదు. నెల తిరిగేసరికి ఆయనకు అది పొసగింది. నేల నేలగానే ఉన్నది.

పటం తిరిగి బల్లమీదికి వచ్చింది. మసక కాలంలో గీచిన భాగాన్ని ఆయన మొదటిసారి స్పష్టంగా చూచినారు. అడ్డంగా పోయే గల్లీలు నిర్దుష్టంగా ఉన్నవి. నిలువు గోడలు కొన్ని చోట్ల రెండుసార్లు గీచినట్లు లావెక్కినవి. కొన్ని చోట్ల ఒక గీతమీద మరొకటి పడినది. తన చేతి తప్పును తాను చూచి ఆయన రెండు రోజులు బల్ల దగ్గరికి పోలేదు. మూడవనాడు బ్లేడుతో సిరాను గీకి, ఒక్కొక్క గోడనే మళ్లీ నిలబెట్టడం మొదలుపెట్టినారు. గోడలు కుదిరినవి.

చిక్కు వచ్చినది మెట్ల దగ్గర. తమ గల్లీ నుంచి నదికి దిగే మెట్లు ఆ పటంలో నిలువు గీతలు. అవి కలిసిపోయి ఒక బూడిదరంగు పట్టీగా ఉన్నవి. ఎన్ని గీచినారో పోల్చుకోవడానికి వీలులేదు. ఎన్ని ఉండేవో జ్ఞాపకం తెచ్చుకోబోయినారు, జ్ఞాపకం రాలేదు. చిన్ననాడు రోజుకు పదిసార్లు దిగిన మెట్లు. కన్ను ఇప్పుడు ఎన్ని మెట్లనైనా లెక్కపెట్టగలదు, కాని మెట్లు నీటి అడుగున ఉన్నవి.

హరిద్వార్ దగ్గర స్థిరపడిన ఒక చిన్ననాటి మిత్రునికి ఆయన ఫోను చేసినారు. ఆ మిత్రుడు తడువుకోకుండ ముప్పైనాలుగు అన్నాడు. మరునాడు కొత్త టెహ్రీలో ఉన్న ఒక వృద్ధురాలిని అడిగించినారు. ఆమె ముప్పైఒకటి అన్నదట. వానకాలంలో కింది మూడూ నీటిలో ఉండేవి గనుక తాము వాటిని లెక్కలోకి తీసుకొనేవారము కాదని కూడ అన్నదట. వృద్ధుడు ముప్పైనాలుగు గీతలు గీచినారు. కింది మూడింటిని పెన్నుతో కాక పెన్సిలుతో గీచి, ప్రక్కన చిన్న అక్షరాలతో ‘వానకాలంలో నీటిలో’ అని వ్రాసినారు. తరువాత ఆరవ కాగితం విప్పినారు.